డ్రెయిను పక్క మట్టి

నాన్నా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ విజయవాడ వచ్చి మా కాలేజీ ల్యాబులో బ్యాక్టీరియా పెంచిన ప్లేట్లు తెరిచాను.

పోయిన వారం మన చేలో రెండుచోట్ల మట్టి తీశాను. ఒకటి కాలువ పక్కది. రెండోది మందుల ఫ్యాక్టరీ నీళ్లొచ్చే డ్రెయిను పక్కది, నీ కాలికి గాజుపెంకు గుచ్చుకున్న చోటిది. వాటిలోని బ్యాక్టీరియాను పెంచి, ఆసుపత్రిలో నీకిచ్చిన మందులే అద్దిన కాగితపు బిళ్లలు పెట్టాను. కాలువ మట్టిలో బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా చచ్చిపోయింది. డ్రెయిను మట్టిలో బిళ్ల అంచుదాకా పెరిగింది, మందు దాన్నేమీ చేయలేకపోయింది.

"శుద్ధి చేసే వదులుతున్నామండీ, రిపోర్టులున్నాయి" అన్నారు ఫ్యాక్టరీ మేనేజరు గారు. శాంపిల్ ఎప్పుడు తీశారని అడిగితే టీ తాగమన్నారు.

ఇది రుజువు కాదని నాకూ తెలుసు. కానీ అప్పుడు ఏ రుజువూ లేకుండానే నిన్ను అనుమానించాను. పుండు మానకపోతే, "మాత్రలు పారేస్తున్నావు కదూ" అని నీ చొక్కా జేబులు వెతికాను.

"వేసుకుంటూనే ఉన్నానమ్మా" అన్నావు.

నిన్న అమ్మ మోటారు షెడ్డు సర్దుతుంటే ఒక కవరు దొరికింది. నువ్వు వేసుకున్న మాత్రల ఖాళీ అట్టలన్నీ అందులో ఉన్నాయి, రబ్బరు బ్యాండు వేసి. మళ్లీ అడిగితే చూపిద్దామని దాచినట్టున్నావు.

నేను మళ్లీ అడగనేలేదు.