నిరుటి కొమ్మలు

నానమ్మా, నేను కులాసా, బెంగ పడకు. నువ్విచ్చిన గులాబీ తీగ మా బడి గోడెక్కింది. చలికాలంలోనూ ఆకు రాల్చలేదు. కానీ ఈ వసంతంలో ఒక్క పువ్వూ లేదు. గుబురుగా పెరిగిందని చలిలో నేనే కత్తిరించాను. తోటమాలి తాత నవ్వాడు. "ఏం చదివావే పంతులమ్మా! ఇది పూసేది నిరుటి కొమ్మకే కదా!" అన్నాడు. చిన్నప్పుడు మన గడప మీద నేను పలక పట్టుకుంటే గులాబీ రేకులు అక్షరాల మీద రాలేవి. అవన్నీ రాలాకే నువ్వు కత్తెర తీసేదానివి. చూసీ నేర్చుకోలేదు. గోడకు సున్నం వేయాలని నాన్న మనింటి తీగ నరికేస్తానన్నాడట. పూలయ్యేదాకా ఆగమను. వాటిని చూడ్డానికే సెలవు పెట్టాను. నీ కళ్ళమందు అయిపోయిందా? ఇది చదివిపెడుతున్న పోస్టుమాను బాబాయికి దండాలు. బాబాయ్, తీగ మాట మా నాన్నకు వినపడేలా గట్టిగా చదువు.