లాలిపాటలో నాలుక చప్పుడు

కోడంబాకం, మంగళవారం

అమ్మకు తైయల్‌నాయకి నమస్కారాలు. జలుబు తగ్గింది, గొంతు బాగానే ఉంది. సినిమా పాటల పుస్తకంలో నా పేరు లేదని, నేను పాడానన్నది అబద్ధమని అంజుగం అత్త వీధంతా చాటుతోందని రాశావు. పేరు లేని మాట నిజమే. పాడేది నేనైనా, తెర మీద పెదవులు కదిపే ఆమె పేరే వేస్తారు ఇక్కడ.

మొన్న కొత్త సినిమాకు లాలిపాట పాడాను. తమ్ముణ్ణి ఊపుతూ నువ్వు నాలుకతో టక్కుటక్కుమనిపించేదానివే, రెండో చరణంలో అది నాకు తెలియకుండానే వచ్చేసింది. తిడతారనుకున్నాను. బాగుంది, ఉంచేయమన్నారు. ఇప్పుడు తెర మీద అది చేసి చూపాల్సిన హీరోయినుకు కుదరడం లేదు. నిన్న మా గదికి వచ్చి చాప మీద కూర్చుని, "ఎలా చేస్తారక్కా, నాకు నాలుక తిరగట్లేదు" అంది. "మా అమ్మను అడగాలమ్మా" అన్నాను.

తమ్ముడు బడికి వెళ్తున్నాడా? ఎండబెట్టిన దబ్బకాయ ముక్కలు పంపు. నాన్న పటానికి నా దండం పెట్టు.

ఈ సినిమా మన మాయవరం వచ్చినప్పుడు అత్తను నీ పక్కనే కూర్చోబెట్టుకో. ఆవిడ పిల్లలిద్దరినీ నిద్రపుచ్చింది నువ్వే కదా. ఆ చప్పుడు ఎవరింటిదో పుస్తకం చూసి తెలుసుకోవలసిన పని ఆవిడకు లేదు.

నీ తైయల్