గాజు మీది రాజమహల్

తిరుపతి, మార్చి 1984, ఆదివారం

ఇంకొకరి పని బాగుందని చెప్పాల్సి వస్తే నాకు నోరెందుకు రాదు? యూనివర్సిటీలో చదివే రోజుల నుంచీ జవాబు దొరకలేదు.

ఈరోజు చంద్రగిరి కోటలోనూ అంతే. మా పురావస్తు శాఖ పుస్తకం అట్టకు రాజమహల్ ఫోటో కావాలి. ఇన్నేళ్లూ శాఖ ఫోటోగ్రాఫర్‌గా నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా, వెనక్కి వెళ్తే చెట్లు అడ్డం వచ్చేవి, దగ్గరికొస్తే శిఖరాలు తెగిపోయేవి. కోట గోడలెక్కి కూడా చూశాను. లెన్సును పైకీ కిందికీ జరపగలిగే కొత్త టెక్నికల్ కెమెరా, దగ్గర్నుంచే అంతా పట్టే వైడ్ లెన్సు వస్తే మాత్రం నిన్నగాక మొన్న చేరిన సరళకిచ్చారు. ఆ పిల్ల దగ్గరే నిలబడి లెన్సును కాస్త పైకి జరిపింది.

"సూడక్కా, ఈడికి రా! మహలంతా పట్టేసిండాది. ఇంక నువ్వు గోడలెక్కే పన్లేదు."

కెమెరా వెనక కప్పిన నల్లగుడ్డలో తల దూర్చాను. బొమ్మ పడే గాజు మీద, ఈ కెమెరాల్లో ఎప్పుడూ ఉండేలాగే, మహల్ తలకిందులుగా ఉన్నా గోడలు నిట్టనిలువుగా, శిఖరాలతో సహా ఉంది. మూలలు మాత్రం మసకగా కనిపించాయి.

"లెన్సు మరీ పైకి పోయింది, ఫోటోలో మూలలు నల్లగా వస్తాయి, దించు" అన్నాను.

"నువ్వు సెప్తే సరేలే అక్కా" అని దించేసింది. శిఖరం కొన తెగింది. అలాగే ఫోటో తీసింది.

వైడ్ లెన్సుకు గాజు మీద మూలలు ఎప్పుడూ మసకగానే కనబడతాయి, ఫిల్ము మీద బాగానే రావచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ తిరుగు బస్సులోనే గుర్తొచ్చింది. ఆ గుడ్డ కింద నిజంగా మరిచిపోయానో, తెలిసే అలా అన్నానో, నాకింకా తేలడం లేదు.