మిషన్‌లో నీకు చోటు దొరికింది

రత్తమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ మీద కుళ్లు పట్టలేక రాస్తున్నాను.

మద్రాసులో కంప్యూటర్ చదువు చదువుతున్న మన మనవరాలు పద్మ సెలవులకొచ్చింది. మనిషి ఒక మాటను బుర్రలో కాసేపు ఎలా పట్టి ఉంచుకుంటాడో, మిషన్ చేత లెక్కలు కట్టించి చూస్తోందట.

"అంతా మామ్మ పుణ్యమే తాతయ్యా! బజారుకెళ్తూ దారంతా 'చింతపండు, పసుపు, కిరసనాయిలు' అని గొణుక్కునేది కదా. అలా అనుకుంటున్నంతసేపే గుర్తుంటాయి. మిషన్‌కీ అదే నేర్పుతున్నా" అంది.

నా సైకిల్ వెనక కూర్చుని గొణిగినందుకే నీకు అంత పేరా? పటమటలో మనింటి నుంచి బజారుదాకా తొక్కిందెవరు?

"మరి నేనెక్కడే అందులో?" అని నిలదీశాను.

"లేకేం? మామ్మ గొణుగుతుంటే మధ్యలో 'వంకాయ, గాడిద, మీ అన్నయ్య' అని చెడగొట్టేవాడివిగా! మిషన్ ఎప్పుడు మరిచిపోతుందో చూడాలంటే అలా అడ్డంపడేది ఒకటి ఉండాలి. అది నువ్వే."

పొంగిపోయాననుకో. అక్కడా నీ పక్కనే ఉన్నాను, అక్కడా నిన్ను ఏడిపిస్తూనే ఉన్నాను.

సాయంత్రం నేనూ నీలాగే గొణుక్కుంటూ బజారుకి వెళ్లాను. ఎవరూ అడ్డం రాలేదు. కిరసనాయిలు మరిపించినందుకు వీపు మీద నీ గుద్దూ పడలేదు. ఒక్కటీ మరవకుండా అన్నీ తెచ్చాను.

ఇప్పుడు నీ మీద కాదే, అడ్డంపడే తోడున్న ఆ మిషన్ మీద కుళ్లుగా ఉంది.