మల్లేశం చంపిన బూజు

ఏమయ్యా,

నువ్వు పోయాక వేస్తున్న మొదటి పసుపు ఇది. దుంపకుళ్లు రాకుండా ఎప్పటిలాగే ట్రైకోడెర్మా తెచ్చాను. ఆ మంచి బూజును పశువుల ఎరువులో కలిపి, నీడలో తడి గోనెసంచులు కప్పి, పది రోజులు పసిపిల్లలా సాకాను. నిన్న మీ తమ్ముడు మల్లేశం దాని మీద బూజును చంపే రసాయన మందు డబ్బాడు కుమ్మరించాడు.

"రెండు కలిస్తే డబల్ పనిజేస్తయనుకున్న, వదినె" అన్నాడు.

ఒక మందుకు ప్రాణముంటుందని, రెండోది దాన్ని చంపుతుందని మీ అన్నదమ్ములకు ఎన్నిసార్లు చెప్పాలి? ఈ బూజు వాడిన మొదటి ఏడు నువ్వూ ఇదే చేశావు. నా తిట్లన్నీ విని, జగిత్యాల వెళ్లి ఇంకో ప్యాకెట్ తెచ్చావు.

మల్లేశం కూడా తిట్లన్నీ విన్నాడు. విని, అన్నం తిని పడుకున్నాడు.

ఇవాళ జగిత్యాల బస్సు నేనే ఎక్కాను.