ఎడమ కంటి అంచున

జూలై 3

మళ్ళీ మెరిసింది. ఎడమ కంటి చివర, తెల్లగా, గీత గీసినట్టు. వాకిట్లో పళ్ళు తోముకుంటూ తల తిప్పానంతే. పైకి చూశాను — మబ్బు ఉంది, ఉరుము లేదు. ఈ వారంలో మూడోసారి.

మేలో, జర్మనీలో, హ్యాండ్‌బాల్ సీజన్ ఆఖరి మ్యాచ్. కుడి మూల నుంచి దూకి కొట్టిన బంతి నేరుగా ఈ కంటికే తగిలింది. గోల్‌కీపర్‌కు దెబ్బలు మామూలే. అక్కడి కంటి డాక్టరు చూసి, లోపలి పొర ప్రస్తుతానికి బాగానే ఉందన్నాడు. మెరుపులు ఎక్కువైనా, నల్ల చుక్కలు రాలుతున్నట్టున్నా, తెర దిగినట్టు నీడ కనబడినా అదే రోజు రమ్మన్నాడు. అదే రోజు — రెండుసార్లు చెప్పాడు. జర్మన్‌లో చెప్పినా నాకు బాగానే అర్థమైంది. నేను నర్సును. ఇట్లాంటి మాటలు రోజూ నేనే ముసలివాళ్ళకు చెబుతుంటాను.

ఇంట్లో ఎవరికీ తెలియదు. సెలవు మీద వచ్చి పదకొండు రోజులు.

మూడంటే ఎక్కువైనట్టా?

జూలై 5

నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడితే సిగ్నల్ దొరికింది. నాలుగు రోజుల మెసేజ్‌లు ఒక్కసారే పడ్డాయి. మా కోచ్ ఊవే రాశాడు — ఆగస్టు మొదటి వారంలో ప్రాక్టీసు మొదలు. రెండో గోల్‌కీపర్ పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోతోంది. ఈ ఏడు గోల్లో నువ్వొక్కదానివే, అని. కింద నవ్వు బొమ్మ.

సంతోషించాలి. జవాబు రాయకుండా ఫోను జేబులో పెట్టుకున్నాను.

మాది జిల్లా లీగులో అట్టడుగున ఉండే ఆడవాళ్ళ జట్టు. బేకరీలో పనిచేసేది ఒకరు, టీచరు ఒకరు, బస్సు నడిపేది ఒకరు. చూడడానికి వచ్చేది వాళ్ళ మొగుళ్ళు, పిల్లలు. అంతే. కానీ అది తీసేస్తే నాకు ఆ ఊళ్ళో ఏం మిగులుతుంది? మొదటి చలికాలం — డ్యూటీ, గది, డ్యూటీ. మాత్రలు, మంచాలు, బీపీ తప్ప వేరే మాట రాదు. నాతో వార్డులో పనిచేసే కాత్రిన్ ఒకరోజు అడిగింది, ఏదైనా ఆట వచ్చా అని. హ్యాండ్‌బాల్ అన్నాను. నమ్మలేదు. దుమ్ముగూడెం దగ్గర ఆశ్రమ పాఠశాలలో, గోల్లో నిలబడడానికి ఎవరూ రాకపోతే నన్ను ముందుకు తోశారని చెప్పేంత భాష అప్పటికి లేదు. హాలుకు తీసుకెళ్ళి నిలబెట్టింది. మొదటి బంతి కాలితో ఆపాను. అప్పటిదాకా నేను "కొత్త నర్సు". ఆ సాయంత్రం నుంచి స్వరూప.

ఇప్పుడు కాత్రిన్, నేను ఒకే ఇంట్లో ఉంటాం. నేను ఇక్కడికొచ్చాక వారం వారం కన్ను ఎట్లా ఉందని మెసేజ్‌లో అడుగుతుంది. బాగుందని రాస్తాను.

ఇవాళ కూడా రాశాను.

జూలై 7

వాన. గోదావరి పెరుగుతోందట. మెరుపులు లెక్కపెట్టడం మానేశాను.

జూలై 9

పీఈటీ సారు కబురు పంపారు. నాకు హ్యాండ్‌బాల్ నేర్పింది ఆయనే. పిల్లలకు గోల్ ఎట్లా కాయాలో చూపించమన్నారు. వాన తెరిపిచ్చింది. బురద మైదానం, వెదురు కర్రల గోల్‌పోస్టు. పద్నాలుగు మంది అమ్మాయిలు, అందరూ వట్టి కాళ్ళతో. నేనొక్కదాన్నే బూట్లతో... సిగ్గేసి విప్పేశాను.

వద్దని చెప్పి ఉండాల్సింది. తలనొప్పి అంటే సరిపోయేది. నోరు రాలేదు.

మొదటి బంతి మెల్లగానే వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. బంతి పక్కనుంచి పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, నేను కావాలనే వదిలాననుకున్నారు. రెండోది — మళ్ళీ మూసుకున్నాను. నాలుగో బంతికి గాని తెలియలేదు, నేను బంతిని చూడడం లేదని, దెబ్బ కోసం చూస్తున్నానని.

సారు మాత్రం కనిపెట్టారు. పిల్లలు వెళ్ళాక పక్కకు పిలిచి మెల్లగా అడిగారు.

"భయపడుతున్నవ్ బిడ్డా. ఏమైంది?"

చాన్నాళ్ళయింది కదా సార్, అన్నాను. ఆయన తల ఊపారు. బంతి తుడుచుకుంటూ ఉండిపోయారు. అబద్ధం ఆడినందుకు కాదు... ఆయన నమ్మనట్టు కనబడకుండా జాగ్రత్త పడ్డారే, అది తినేస్తోంది.

జూలై 11

నీడ.

పొద్దున్నే. ఎడమ కంట్లో, ముక్కు వైపు, కింద. కుడి కన్ను మూసి చూస్తే గడప కనబడదు. తలుపు గాలిలో వేలాడుతున్నట్టుంది. కడుక్కున్నాను. నలుపుకోబోయి ఆగాను. మళ్ళీ చూశాను. లేదు. గడప లేదు.

నాకు దాని పేరు తెలుసు. తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ, జర్మన్‌లోనూ. రాయను.

రోడ్డు మీదికి వాగు ఎక్కింది. నిన్నటి నుంచి భద్రాచలం బస్సు లేదు.

బస్సు లేకపోవడం వల్లే ఆగానని రాసుకుంటే బాగుండును. కాదు. డాక్టరు దగ్గరికి వెళితే ఆట పోతుంది. వెళ్ళకపోతే కన్ను పోతుంది. దీంట్లో ఆలోచించడానికి ఏముంది? ఏమీ లేదు. అయినా రోజంతా ఆలోచించాను.

జూలై 12

అక్క పట్టేసింది.

అక్క మా ఊరి ఆశా కార్యకర్త. జ్వరాల కాలం కదా, పొద్దున తొమ్మిది ఇళ్ళు తిరిగి, రక్తపు చుక్కలు తీసి, తడిసి వచ్చింది. మంచినీళ్ళు ఇవ్వబోయి చెంబు గ్లాసు పక్కన వంచాను. నీళ్ళు నేల మీద. నవ్వాను. అక్క నవ్వలేదు.

"తల గట్ల వంకర పెట్టి చూస్తున్నవేందే? రెండ్రోజుల సంది చూస్తున్న."

ఏం లేదన్నాను. అక్క నా కుడి కంటికి తన అరచెయ్యి అడ్డం పెట్టి, రెండో చేతి వేళ్ళు చూపించింది. ఎన్ని? పైన పెడితే చెప్పాను. కింద పెట్టింది. చెప్పలేకపోయాను.

అక్క నా మొహం మీంచి చెయ్యి తీసింది. తర్వాత అడిగింది —

"నీ పేషంటు గిట్ల దాచిపెడితే ఏమంటవే నువ్వు?"

ఏమంటాను... తిడతాను. మర్యాదగా తిడతాను. ఇరవై ఆరేళ్ళదాన్ని, అక్క ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చాను. ఏడవకు, కంటికి మంచిది కాదేమో అంది. దానికేం కాదని చెప్పాను, ఏడుస్తూనే. అప్పుడు నవ్వింది.

నాయిన గొడుగేసుకుని ట్రాక్టరు మాట్లాడడానికి వెళ్ళాడు. అమ్మ మూట కడుతోంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

జూలై 14, ఖమ్మం

ముక్కలు ముక్కలుగానే రాయగలను. నిన్నటిది.

ట్రాక్టరు ట్రక్కులో గడ్డి, గడ్డి మీద దుప్పటి. నాయిన, అక్క, నేను. తల కదలకూడదని నేనే చెప్పాను. నాయిన నా తలను రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు, నిండు కుండ పట్టుకున్నట్టు. ప్రతి గుంటకూ తను ఎగిరాడు గాని నా తల ఎగరనివ్వలేదు. వాగు దగ్గర ట్రాక్టరు ఆగింది. నీళ్ళు సగం చక్రం దాకా. నాయిన దిగలేదు, నన్ను వదలాలి కదా. కూర్చున్నచోటే మా మాటల్లో వాగుకు మొక్కుకున్నాడు. కోయలో మొక్కితేనే వింటుందని నాయిన నమ్మకం.

"కదలకు బిడ్డా. ఇంకొంచెమే."

ఆ ఇంకొంచెం గంటన్నర పట్టింది.

భద్రాచలంలో బస్సు. వంతెన కింద ఎర్రటి నీళ్ళు, అటూ ఇటూ జనం నిలబడి చూస్తున్నారు. నేను ఎడమ కన్ను మూసుకుని చూశాను. అది తెరిచి కుడిది మూస్తే నదికి ఒక పక్క లేదు.

ఖమ్మంలో కంటి ఆసుపత్రి. డాక్టరమ్మ లైటు వేసి ఎంతసేపు చూసిందో. పొర పై నుంచి ఊడింది. నడిమి చూపుకు ఇంకా చేరలేదు. ఇంకొక రోజు ఆగి ఉంటే చూపు నిలుస్తుందని చెప్పలేకపోయేదాన్నంది. నర్సువా, అని అడిగింది. అవునన్నాను. సంతకానికి కాగితం నా ముందుకు జరిపింది.

ఇంకాసేపట్లో ఆపరేషన్.

జూలై 16

బోర్లా పడుకుని రాస్తున్నాను. పుస్తకం నేల మీద, నేను మంచం అంచున. కంట్లో గ్యాసు నింపారు, అది పొరను గోడకు అదిమి పట్టాలి. వారం రోజులు మొహం కిందికే.

జూలై 18

నేల గచ్చు మీద నాలుగు పగుళ్ళు. అన్నీ కంఠతా వచ్చాయి.

ఆ గ్యాసు కరిగేదాకా విమానం ఎక్కకూడదు. పైకి వెళితే అది ఉబ్బుతుంది, ఉన్న చూపూ పోతుంది. నాకు ముందే తెలుసు. డాక్టరమ్మ నోట వినేదాకా తెలియనట్టే ఉన్నాను. నెల, నెలన్నర. నెలాఖరు టికెట్ పోయినట్టే. నేను పనిచేసే వృద్ధాశ్రమానికి మెయిల్ రాయాలి. సెలవు దాటితే ఏమవుతుంది? అక్కడ ఉండడానికిచ్చిన పర్మిట్ మాటేమిటి? నేను చెబుతుంటే అక్క ఒక్కొక్క అక్షరం కొట్టింది. జర్మన్ అక్షరాలు, మంచం కింద కూర్చుని, అరగంట. జవాబు సాయంత్రానికే వచ్చింది — సర్టిఫికెట్ పంపండి, త్వరగా కోలుకోండి. రెండే వాక్యాలు. రెండో వాక్యం నిజంగా అన్నట్టా, అలవాటుగా అన్నట్టా... పదిసార్లు చదివించుకున్నాను.

కాత్రిన్‌కు మాత్రం వరద అని రాశాను. రోడ్లు తెగాయి, ఆలస్యమవుతుంది, అని. అబద్ధం కాదు. నిజమూ కాదు.

కాత్రిన్ వాయిస్ మెసేజ్ పంపింది. అక్క ఫోను నా చెవి దగ్గర పెట్టింది. టీవీలో వరదలు చూసిందట, మీ ఇల్లు బాగుందా, అమ్మ బాగుందా, ఏమైనా పంపనా...

"ఏమంటుంది ఆ పిల్ల?" అక్క అడిగింది.

బాగున్నవా అంటుంది, అన్నాను.

"గంతసేపు గదే అడిగిందా?"

జూలై 23

తల ఎత్తొచ్చన్నారు. కంట్లో ఒక గీత, నీటిమట్టంలా ఊగుతోంది. దాని పైన లోకం కాస్త కనబడుతుంది, కింద అంతా మసక. రోజుకు కొంచెం కిందికి దిగుతుందట.

మొన్నటి నుంచి గోదావరి కూడా తగ్గుముఖమట. నాయిన ఊరికి వెళ్ళాడు, పత్తి చేను ఎంత మిగిలిందో చూడాలి. వెళ్ళేముందు నా తల మీద చెయ్యి పెట్టి, ఊరికే, కాసేపు ఉంచాడు.

జూలై 27

కాత్రిన్‌కు చెప్పేశాను. ఫోన్లో. మాటలు ముందే కాగితం మీద రాసుకున్నాను, మధ్యలో ఆగకుండా చదివాను.

చదివి కాగితం మడిచాను. 

తర్వాత కోపం. కాత్రిన్ కోపం ఎప్పుడూ చూడలేదు. నేను వారం వారం అడిగాను, నువ్వు వారం వారం బాగుందని రాశావు, నేను నీకెవర్ని అనుకున్నావు, అంది. జవాబు కాగితం మీద లేదు. తప్పయిందన్నాను. తప్పయిందని కాదు, నాకు ఎందుకు చెప్పలేదో చెప్పు, అంది.

ఆట లేకపోతే మీరు నన్ను పిలవరనుకున్నాను — ఈ వాక్యం జర్మన్‌లో నాకు వచ్చు. వ్యాకరణంతో సహా వచ్చు. అనలేదు.

గోల్లో ఎవరు నిలబడతారు మరి, అని మాత్రం అడిగాను.

మేము చూసుకుంటాంలే, అంది.

ఆ మాట ఓదార్పుకే అంది. తెలుసు. అయినా పొద్దుటి నుంచి చెవిలో అదే. చూసుకుంటాంలే.

ఆగస్టు 5

ఊళ్ళో ఉన్నాను. ఫోటో వచ్చింది. ప్రాక్టీసు మొదలైంది. బేకరీ అమ్మాయి గోల్లో నిలబడింది, చేతులు చాచి, నోరు తెరిచి నవ్వుతూ. నిలబడిన తీరు తప్పు. బరువంతా మడమల మీద ఉంది. రాద్దామనుకున్నాను. రాయలేదు.

ఆమె బాగా ఆడకూడదని ఒక్క క్షణం అనుకున్నాను. ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

ఆగస్టు 10

ఖమ్మం వెళ్ళొచ్చాం. గీత చిన్న బుడగయింది, కంటి అడుగున దొర్లుతోంది. ఇంకో పది రోజుల్లో పోతుందట, చూసి విమానానికి కాగితం రాసిస్తామన్నారు. పొర అతుక్కుంది. కళ్ళద్దాల నెంబరు మారుతుంది గాని చూపు నిలబడింది.

అక్క అక్కడే దండం పెట్టింది. నేను ఇంకో మాట కోసం కూర్చునే ఉన్నాను. డాక్టరమ్మకు అర్థమైంది.

"నీ కుడి కన్నుల కూడ పొర పల్చగున్నదమ్మా. నా బిడ్డవైతే బంతి ముందల నిలబడనియ్య."

గట్టి అద్దాలు పెట్టుకుంటే? అడిగాను. కొన్ని దెబ్బలు తప్పుతాయి, అన్నీ తప్పవు, అంది. వద్దని నేను చెప్పగలను, కట్టేయలేను, అంది.

బస్సులో అక్క నిద్రపోయింది. కొత్తగూడెం దాకా కిటికీలోంచి చూస్తూ వచ్చాను. ఒకసారి ఎడమ కంటితో. ఒకసారి కుడి కంటితో. ఏది ముందు పోతుందో అన్నట్టు.

ఆగస్టు 12

ఊవే మెసేజ్. ఆటగాళ్ళ జాబితా లీగుకు పంపాలి. కంటి సంగతి కాత్రిన్ చెప్పిందట. నీ పేరు రాయమంటే రాస్తాను, వద్దంటే వద్దు, తిరిగొచ్చాక ఎట్లయినా మంగళవారం ప్రాక్టీసుకు హాలుకు రా, అన్నాడు. శుక్రవారంలోపు చెప్పమన్నాడు.

ఎట్లయినా రా. ఆ ముక్క నిజమేనా? బంతి ఆపని మనిషితో వాళ్ళకేం పని? వెళ్ళి బల్ల మీద కూర్చుని సీసాలు అందించాలా? అదైనా చేస్తానేమో. చేయగలనా?

అమ్మ చేలోంచి మొక్కజొన్న కంకులు తెచ్చింది. నేను అరుగు మీద కూర్చుని అవి ఒలుస్తున్నాను. అమ్మ లోపలి నుంచి, ఎడమ వైపు నుంచి, ఇంకో కంకి విసిరింది. పట్టుకో అనలేదు. నేను చూడలేదు. చెయ్యి దానంతట అదే లేచింది. కంకి అరచేతిలో ఉంది. మొహానికి జానెడు దూరంలో.

అమ్మ నవ్వింది. చూపు మంచిగొచ్చింది అంది.

చూపు కాదు. చూడకముందే లేచింది చెయ్యి. ఆ కంకి ఒలవకుండా పక్కన పెట్టేశాను. నేను వద్దని రాసి పంపొచ్చు. డాక్టరమ్మకూ, అక్కకూ, నాయినకూ మాటివ్వొచ్చు. మంగళవారం హాలుకు వెళ్ళి, గోడ పక్కన ఒద్దికగా నిలబడొచ్చు. బంతి వస్తే, లేవొద్దని ఈ చేతికి ఎవరు చెబుతారు?

ఇవాళ బుధవారం. శుక్రవారానికి రెండే రోజులు.