డచ్చివాళ్ళు భోజనానికి పిలిచే మాట

రెడ్‌మండ్,
ఆదివారం

అక్కా,

నమస్కారాలు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు ఉప్పు తగ్గించారా, నీ కళ్ళుగప్పి ఆవకాయ తింటున్నారా? నేను బాగానే ఉన్నాను. ఇక్కడ ముసురు వదలడం లేదు. చారూ అన్నం వండుకుంటున్నాను, బెంగపడకు.

ఆఫీసులో నా పని నీకు తెలుసుగా, చూపు తగ్గినవాళ్ళ కోసం కంప్యూటర్ చేత పైకి చదివించడం. ఈసారి డచ్చి భాష ఇచ్చారు. వాళ్ళూ మనలాగే మాటలు అతికిస్తారు. ‘ఆవొంట్’ అంటే సాయంత్రం, ‘ఏతన్’ అంటే తినడం. కలిపితే రాత్రి భోజనం, భోజనానికి పిలిచేదీ ఆ మాటతోనే. కానీ మనలా కరిగించెయ్యరు. మొదటి మాట మీద గట్టిగా ఊనుతారు. రెండోది తన చోట తాను మళ్ళీ మొదలవుతుంది, కాస్త మెత్తగా. ఈ సూత్రం నాకు కాగితం మీద తెలుసు. చెయ్యి మాత్రం, నువ్వు సంగీతంలో నేర్పినట్టు తొడమీద తాళం వేస్తూ, మన సంధిలా కలిపేసుకుంది: ఆ, వొం, టే, తన్. కంప్యూటర్‌కీ అక్షరాలు అలాగే విడగొట్టి పెట్టాను.

మా మేనేజర్ రఘు మనవాడే. “సుమతి గారూ, ఓకే కొట్టేయండి. శుక్రవారం రిలీజ్. మీ కాంట్రాక్ట్ రెన్యువల్ కూడా దీని మీదే ఉంది కదా,” అన్నాడు. నాకు చెయ్యి రాలేదు. నా అనుమానం బుద్ధి నీకు తెలిసిందేగా.

పక్క వాటాలో మారికె అని డచ్చి పెద్దావిడ ఉంది, చూపు మందగించింది. కంప్యూటర్ పలికిన ఆ మాట ఆవిడకి వినిపించాను. పకపకా నవ్వింది. “ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు పిలుస్తున్నట్టుంది. ఇలా పిలిస్తే నేను భోజనానికి లేవను!”

రఘుతో ఇంకా కాలేదని చెప్పాను.

“అంత తేడా ఎవరికి తెలుస్తుందండీ?”

“తినడానికి లేవాల్సినవాళ్ళకి.”

ముఖం మాడ్చుకున్నాడు. రిలీజ్ వాయిదా పడింది.

ఈసారి తాళం మార్చాను. మొదటి మాటకి అరచెయ్యి, రెండోదానికి చిటికెనవేలు. మధ్యలో చెయ్యి పైకి లేవాల్సిందే. అలాంటి మాటలన్నీ మళ్ళీ దిద్ది, ఫోన్‌లో పట్టుకెళ్ళాను. మారికె వంటింట్లో అటు తిరిగి బంగాళాదుంపలు చెక్కుతోంది. మాట వినిపించగానే వాళ్ళ భాషలో ఏదో అంటూ, చేతులు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చేసింది. నన్ను చూసి ఆగింది. “వస్తున్నా అన్నాను,” అంది మెల్లగా. తర్వాత రెండో కంచం తీసింది.

కాంట్రాక్టు సంగతి ఇంకా తేలలేదక్కా. భయంగానే ఉంది. తొందరపడ్డానా అని కూడా అనిపిస్తుంది. కానీ ఆ మాట గురించి మాత్రం అనుమానం లేదు.

ఒక్క పని చేసిపెట్టు. ఈ రాత్రి వడ్డించాక, “సుమతీ, అన్నానికి రా!” అని పిలిచి ఫోన్‌లో పంపు. మెల్లగా కాదు. వీధిలో ఆడుకుంటున్నదాన్ని పిలిచినట్టు.

పెద్దమ్మకి నా దండాలు. నువ్వూ బావగారూ నన్ను దీవించండి.

నీ చెల్లెలు,
సుమతి